ఫిర్యాదు ఇచ్చిన పిల్లని మనవాళ్లు ఎలా చూస్తున్నారు? బెజవాడ, గుంటూరు సభ్యులు చెప్పండి

పటమట పిన్ని
అందరికీ నమస్కారం. ఇది మా అక్క కూతురి విషయం. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్‌లో చేస్తోంది. పేర్లు వద్దు. పై మేనేజరు కొన్నాళ్లుగా రాత్రిళ్లు మెసేజీలు పెడుతున్నాడు. స్టాకు రిజిస్టరు చూడాలని స్టోర్ రూముకి పిలవడం, బయటికి రాబోతే గుమ్మానికి అడ్డంగా నిలబడటం, భుజం మీద చెయ్యి వెయ్యడం. పిల్ల ఊరుకోలేదు. కంపెనీ కమిటీకి రాసి ఇచ్చింది.

ఇచ్చిన సాయంత్రానికే ఆ కాయితంలో ఉన్న మాటలు ఆఫీసు డ్రైవరు దాకా వెళ్లాయి. మర్నాడు మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒకావిడ "మీ పిల్లదేదో గొడవంటగా" అంది. మా బావగారు "పెళ్లి కావాల్సిన పిల్లవి, మానేసి ఇంట్లో కూర్చో" అంటున్నారు. ఇంకో చుట్టం ఫోను చేసి అడిగిన మొదటి మాట "వాడు ఎవరి తాలూకు?" పిల్ల అన్నం సరిగ్గా తినడం లేదు, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

మీ ఇళ్లల్లో, ఆఫీసుల్లో ఇలాంటిది వచ్చినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేశారో చెప్పండి. చట్టం తెలిసినవాళ్లూ చెప్పండి.

బందరు రోడ్డు వకీలు
పిన్నిగారూ, అమ్మాయిని ఉద్యోగం మాననివ్వకండి. మానేసినంత మాత్రాన ఫిర్యాదు పోదు గానీ, లోపల ఉంటేనే రికార్డులు, సాక్షులు చేతికి అందుతారు.

పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సంస్థలోని సీనియర్ మహిళ. సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు. బయటి నుంచి ఒకరు తప్పనిసరి. ఆ బయటి సభ్యురాలు ఎవరో ఇవాళే అడగండి. విచారణలో ఆ మనిషి కూర్చుంటే గదిలో గాలే మారుతుంది, ఎందుకంటే ఆవిడ జీతం ఆ యజమాని చేతిలో లేదు.

కాయితం బయటికి పొక్కింది కదా, అది 16వ సెక్షను ఉల్లంఘన. ఫిర్యాదులోని విషయం, ఆమె పేరు, అతని పేరు, సాక్షుల పేర్లు, విచారణలో జరిగింది, ఏవీ బయటపెట్టకూడదు. ఎవరు పొక్కించారో తేల్చమని అధ్యక్షురాలికి ఇంకో ఉత్తరం రాయించండి. ఆ ఉత్తరం అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి.

సింగ్‌నగర్ శీను
ఎవరినీ బాధపెట్టాలని కాదండీ. కానీ మేనేజరు వైపు ఏముందో మనకి తెలీదు కదా. ఈ మధ్య అబద్ధపు కేసులు ఎక్కువయ్యాయి. ఒక్క ఫిర్యాదుతో మనిషి బతుకు పోతుంది. పెళ్లాం పిల్లలు ఉంటారు.

లక్ష్మీపురం హెచ్ఆర్
శీనుగారూ, ఆయన వైపు వినడానికే కమిటీ. ఫిర్యాదు అందిన ఏడు పనిదినాల్లో కాపీ ఆయనకి పంపాలి, ఆయన పది పనిదినాల్లో జవాబు, తన సాక్షుల జాబితా ఇవ్వొచ్చు. ఇద్దరిలో ఎవరూ వకీలుని తెచ్చుకోకూడదు. మొత్తం 90 రోజుల్లో విచారణ ముగియాలి. కావాలని అబద్ధం చెప్పిందని తేలితే 14వ సెక్షను కింద ఆమె మీద చర్య ఉంటుంది. అయితే అదే సెక్షనులో ఇంకో మాట కూడా ఉంది: నిరూపించలేకపోవడం ఒక్కటే అబద్ధమాడినట్టు కాదు. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు జరిగినదానికి సాక్షి ఎక్కణ్ణుంచి వస్తాడండీ?

నేను గుంటూరులో ఇలాంటి కమిటీల్లో కూర్చున్నాను. సరదాగా వచ్చి ఫిర్యాదు ఇచ్చిన అమ్మాయిని ఒక్కదాన్నీ చూడలేదు. గుమ్మం దాకా వచ్చి "ఏం లేదు మేడం, సెలవు గురించి అడుగుదామని" అని వెనక్కి వెళ్లిపోయినవాళ్లు మాత్రం గుర్తున్నారు.

గవర్నర్‌పేట మాస్టారు
"వాడు ఎవరి తాలూకు" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాను. నాకు డెబ్భై దాటాయి. మన రెండు జిల్లాల్లో ఈ ప్రశ్న అడక్కుండా ఏ విషయమూ ముందుకి పోవడం నేను చూడలేదు. ఆరోపణ రాగానే మొదట కులం, తర్వాత పార్టీ, ఆ తర్వాత ఊరు. ఆ మూడూ తెలిశాక గానీ మన నోట్లోంచి "పాపం" అన్న మాట రాదు. మనవాడు కాకపోతే ఉరి తియ్యాలంటాం, మనవాడైతే చట్టం తన పని తాను చేసుకుపోతుందంటాం. రెండు మాటలూ ఒకే నోటి నుంచి, ఒకే టీ కొట్టు దగ్గర విన్నాను.

రాజస్థాన్‌లో భన్వరీ దేవి ప్రభుత్వ పథకంలో గ్రామ కార్యకర్త. బాల్యవివాహం ఆపబోయిందని 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితులను ఆ నేరం నుంచి విడిచిపెట్టింది. పై కులం మగవాళ్లు కింది కులం ఆడదాన్ని ముట్టుకోరన్న వాదనకి కోర్టులోనే విలువ దక్కింది. ఆమె తరఫున ఆడవాళ్ల సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్తే 1997లో విశాఖ తీర్పు వచ్చింది, విశాఖ అన్నది ఊరు కాదు, కేసు వేసిన ఒక సంఘం పేరు. ఇప్పుడు వకీలుగారు చెప్పిన చట్టానికి మూలం అదే. దేశంలో ఉద్యోగం చేసే ప్రతి ఆడపిల్లకీ ఆమె వల్ల ఒక రక్షణ వచ్చింది, ఆమెకి మాత్రం న్యాయం దక్కలేదు. పిల్లకి ఈ సంగతి చెప్పండమ్మా. తను ఒంటరిగా లేదని తెలుస్తుంది.

ఆటోనగర్ అన్న
మాస్టారు చెప్పింది నూరుపాళ్లు నిజం.

మా వర్క్‌షాపు ఆఫీసులో ఊడ్చే ఆవిడ ఉండేది. ఓనరు బావమరిది ఆవిడని పట్టుకోబోయాడు. నేను జాబ్ కార్డు సంతకానికి లోపలికి వెళ్తూ కళ్లారా చూశాను. ఆవిడ మర్నాడు ఓనరుకి చెప్పింది. ఆయన అందరి ముందూ "నీకు బాకీ ఇవ్వలేదని కక్ష పెట్టుకున్నావా" అన్నాడు. అక్కడ మెకానిక్కులు, హెల్పర్లు, టీ కుర్రాడు అందరూ ఉన్నారు. అందరూ నేల చూపులే. నేను చూశానయ్యా అని చెప్పాను. తర్వాత నాకు మంచి బళ్లు రావడం ఆగిపోయింది, పంచర్లూ గ్రీజు పనులే. కొన్నాళ్లకి వేరే షెడ్డుకి మారాను.

ఆవిడ వేరే చోట పనికి కుదిరింది. మొన్న రైతుబజారులో కనపడి మా ఆవిడతో "మీ ఆయన ఆ మాట అన్నాక ఆ రాత్రి నిద్రపోయానమ్మా" అందట. శీను తమ్ముడూ, అందుకే చెబుతున్నా, చూసినోడు చెప్పడమే ముఖ్యం.

నల్లపాడు అమ్మాయి
ఇక్కడ అందరూ ఆఫీసుల గురించి చెబుతున్నారు. మా అమ్మ కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్తుంది. అక్కడ కమిటీ లేదు, అపాయింట్‌మెంటు లెటరూ లేదు. రేపు ఎవరికి పనుందో మేస్త్రి చెబుతాడు. ఆటోలో ఎవరెక్కాలో అతనే చెబుతాడు. సాయంత్రం కూలి లెక్క అతని చేతిలోనే. ఇంక ఎవరికి చెప్పుకుంటారు? "మేస్త్రి చెడ్డోడు" అన్న రోజు నుంచి ఆటోలో చోటుండదు.

ఘాటుకి ఆడవాళ్లందరూ మొహానికి గుడ్డ కట్టుకుని పనిచేస్తారు. ఒక కొత్త పిల్ల, ఇంకా ఇరవై కూడా రాలేదు, ఆ గుడ్డ వెనక రోజంతా ఏడుస్తూనే తొడిమలు తీసిందట. మిరపకాయల ఘాటనుకున్నారు అందరూ. మా అమ్మే కనిపెట్టింది. ఆ పిల్లని ఇద్దరు పెద్దాళ్ల మధ్య కూర్చోపెట్టారు, టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మోయించే వైపు ఒంటరిగా పంపడం మానేశారు. ఒకరోజు పొద్దున్నే అందరూ గేటు దగ్గర ఆగిపోయి, మేస్త్రి మారితేనే లోపలికి వస్తామన్నారు. సీజను పీకల మీద ఉంది, లారీలు వచ్చి నిలబడ్డాయి, ఓనరు మేస్త్రిని మార్చాడు. కేసు లేదు, కాయితం లేదు. ఆ మేస్త్రి ఇప్పుడు ఇంకో స్టోరేజీలో ఉన్నాడు. అక్కడి ఆడవాళ్ల గురించి మా అమ్మకి దిగులు.

బందరు రోడ్డు వకీలు
అమ్మాయ్, మీ అమ్మగారికీ ఆ ఆడవాళ్లకీ నా నమస్కారం చెప్పు. మీకు కూడా చట్టం ఉంది. పది మంది కంటే తక్కువ ఉన్న చోట్ల, కమిటీ పెట్టని చోట్ల, యజమాని మీదే ఫిర్యాదైనప్పుడు, ఇళ్లలో పనిచేసేవాళ్లకి, జిల్లాకొక స్థానిక కమిటీ ఉండాలి. దాని గురించి తర్వాత వివరంగా రాస్తాను. ఇప్పుడు కోర్టు పిలుస్తోంది.

నిర్వాహకుడు
ఒక సభ్యుడు పైన ఒక పాత కేసులో బాధితురాలి పేరు, ఫోటో లింకు పెట్టారు. తీసేశాను. అత్యాచార బాధితురాలి గుర్తింపు ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద నేరం, రెండేళ్ల దాకా జైలు. చనిపోయినవారి విషయంలో కూడా పేరు వాడొద్దని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కేసు గురించి మాట్లాడండి, పేరు వద్దు.

పాత రిపోర్టర్
ఆ పోస్టు పెట్టింది నేను కాదు గానీ, ఆ కేసు గురించి నాకు తెలుసు కాబట్టి పేరు లేకుండా రాస్తాను.

2007 డిసెంబరు 27న ఇబ్రహీంపట్నంలోని లేడీస్ హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయి హత్యకు గురైంది. ఊరంతా ఒకటే మాట, నిందితుణ్ణి పట్టుకోండి, ఉరి తియ్యండి. 2008లో ఒక పేద కుర్రాణ్ణి పట్టుకొచ్చారు. 2010లో బెజవాడ కోర్టు శిక్ష వేసింది. అమ్మాయి తల్లి మాత్రం మొదటినుంచీ "ఇతను కాదు, అసలువాళ్లని వదిలేశారు" అని చెబుతూనే ఉంది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషి అని విడిచిపెట్టింది. అప్పటికి దాదాపు ఎనిమిదేళ్లు జైల్లో గడిపాడు. తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది, 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేశారు.

శీనుగారు అబద్ధపు కేసుల గురించి అన్నారు. నేను దగ్గర్నుంచి చూసినవాటిలో అన్నిటికంటే ఘోరమైనది ఇది. అక్కడ ఏ ఆడపిల్లా అబద్ధమాడలేదు. నిజం చెబుతున్న ఆడమనిషి ఆ తల్లి, ఆమె మాటే ఎవరూ పట్టించుకోలేదు. తొందరగా ఎవరో ఒకరు దొరకాలని అందరం అనుకున్నాం, ఎవరో ఒకరు దొరికాడు.

కృష్ణలంక కుర్రోడు
సార్, అయితే 2019లో హైదరాబాద్ ఎన్‌కౌంటర్ అప్పుడు అందరూ పోలీసుల మీద పూలు చల్లారు కదా. అప్పుడు నేను ఇంటర్. మా కాలేజీలో కూడా స్వీట్లు పంచారు. అది తప్పంటారా?

పాత రిపోర్టర్
బాబూ, పశువైద్యురాలి అత్యాచారం, హత్య కేసులో పట్టుకున్న ఆ నలుగురూ 2019 డిసెంబరు 6న పోలీసు కాల్పుల్లో చనిపోయారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో నివేదిక ఇచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగ్గది కాదంది, చంపాలనే కాల్చారంది. నేరం వాళ్లే చేశారా లేదా అన్నది కోర్టులో తేలనే లేదు. అదే నెలలో మన అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది, 21 రోజుల్లో తీర్పు అని. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు, చట్టం కాలేదు. స్టేషన్లు, యాప్ వచ్చాయి.

నన్ను వేధించే ప్రశ్న వేరే ఉంది. పూలు చల్లిన మనమే 2021 జూన్‌లో సీతానగరం పుష్కరఘాట్ దగ్గర అత్యాచారం జరిగినప్పుడు ఏమన్నాం? "ఆ చీకట్లో నది ఒడ్డున వాళ్లకేం పని" అన్నాం. బ్యారేజీకి కూతవేటు దూరం. బెజవాడ వాళ్లం సాయంత్రమైతే గాలికి వెళ్లేది అక్కడికే కదా. ఆ ప్రశ్న నేరం చేసినవాళ్లని అడగలేదు, ఒడ్డున కూర్చున్నవాళ్లని అడిగాం.

అరండల్‌పేట టీచరమ్మ
నేను ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతికి సోషల్ చెప్పేదాన్ని. స్కూలు పేరు రాయను. ఒక పిల్ల లెక్కల సారు ట్యూషన్ మానేసి, ఆయన పీరియడ్ వచ్చినప్పుడల్లా కడుపునొప్పని సిక్ రూముకి వెళ్లేది. పక్కన కూర్చుని నోటు పుస్తకాలు దిద్దుతుంటే నెమ్మదిగా చెప్పింది. నేను ప్రిన్సిపాల్‌కి చెప్పాను. తల్లిదండ్రుల్ని పిలిపించారు. కాఫీలు తెప్పించారు. "ఇది బయటికి వెళ్తే మీ పాపకే నష్టం. సారుని పంపించేస్తాం, ఫీజు సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. తండ్రి తలూపాడు. తల్లి ఏడుస్తూ కూర్చుంది. పిల్లని ఎవరూ ఏమీ అడగలేదు.

నేను పిల్లల హెల్ప్‌లైను 1098కి ఫోను చేశాను. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, అదే పోక్సో, 19వ సెక్షను ప్రకారం తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పి తీరాలి. దాచిపెడితే ఆరు నెలల దాకా, సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది దాకా జైలు. ఇందులో రాజీ అన్నదే లేదు. రాజస్థాన్‌లో ఒక టీచరు మీద కేసుని తండ్రి రాజీపడ్డాడని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుని రద్దు చేసి కేసు నడిపించమంది. మా ప్రిన్సిపాల్ చేసిందీ అలాంటి రాజీయే.

ఆ తర్వాత స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బాలు తెరిచేటప్పుడు నా బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. "స్కూలు పరువు తీసింది" అని ముఖం మీదే అన్నవాళ్లున్నారు. వాళ్లలో ఇద్దరికి ఆడపిల్లలు, అదే స్కూల్లో. నేను చేసింది మళ్లీ చేస్తాను. పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, సంక్రాంతికి మెసేజీ పెడుతుంది.

సింగ్‌నగర్ శీను
టీచరుగారూ, చదివాను. పిల్లల విషయంలో నాకు రెండో మాట లేదు. నేను అబద్ధపు కేసు అన్నది ఊరికే అనలేదు. మా తమ్ముడి మీద ఆఫీసులో ఫిర్యాదు వచ్చింది. విచారణలో అతను ఆ రోజు ఊళ్లోనే లేడని తేలింది, కమిటీ మూసేసింది. కానీ ఫిర్యాదు కాయితాన్ని ఎవడో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. ఖాయమైన సంబంధం తప్పిపోయింది. వాడు ఇప్పటికీ బంధువుల పెళ్లిళ్లకి రాడు.

పటమట పిన్ని
శీనుగారూ, మీ తమ్ముడి సంగతి విని నిజంగా బాధేసింది. మా పిల్ల కాయితం బయటపెట్టినవాడూ, మీ తమ్ముడి కాయితం బయటపెట్టినవాడూ ఒకే పని చేశారు కదండీ. మీరు ఆ వాట్సాప్‌వాడి మీద కోప్పడాలి. ఇంకెక్కడో ఫిర్యాదు ఇచ్చే పిల్లని అనుమానించి ఏం లాభం?

బందరు రోడ్డు వకీలు
పిన్నిగారు సరిగ్గా చెప్పారు. 16వ సెక్షను అతనికి కూడా వర్తిస్తుంది శీనుగారూ. ఆ ఫోటో తీసినవాడు ఆ విచారణ బాధ్యతల్లో ఉన్నవాడైతే అయిదువేలు వసూలు చెయ్యడానికి రూల్సులో ఉంది, లేదా సర్వీసు రూల్సు ప్రకారం చర్య. చిన్న మొత్తమే. కానీ ఆ ఒక్కటీ జరిగినా మిగతావాళ్లకి భయముంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మీ తమ్ముడికి జరిగింది అన్యాయం. అయితే కమిటీ విని, తేల్చి, మూసేసింది, అంటే పద్ధతి పనిచేసింది. ఫిర్యాదు గుమ్మం దాటనివ్వని చోట ఆ తేల్చడం కూడా ఉండదు. దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే అని నేర రికార్డుల బ్యూరో లెక్కలు ఏటా చెబుతున్నాయి. చుట్టం, పక్కింటివాడు, ఆఫీసువాడు, ప్రేమిస్తున్నానన్నవాడు. తెలిసినవాడి మీద చెప్పాలంటే ఆ పిల్ల ఒక ఇంటినో ఆఫీసునో మొత్తంగా ఎదుర్కోవాలి. అందుకే చెప్పనివాళ్లే ఎక్కువ. ఈ రెండు బాధల్నీ ఒకే తూకంలో పెట్టలేం.

కృష్ణలంక కుర్రోడు
మేడం, ఒక డౌట్. మా కాలేజీ గ్రూపులో ఒక సీనియర్ మీద ఎవరో పేరు లేకుండా పెద్ద పోస్టు పెట్టారు. అందరూ స్క్రీన్‌షాట్లు పంపుతున్నారు. ఫార్వర్డ్ చేస్తే ఆ అమ్మాయికి సాయం చేసినట్టా? చెయ్యకపోతే వాడి వైపు ఉన్నట్టా?

బందరు రోడ్డు వకీలు
తమ్ముడూ, ఫార్వర్డ్ చెయ్యకు. ఆ పోస్టులో బ్రాంచి, సంవత్సరం, హాస్టల్ బ్లాకు ఉంటే అమ్మాయిని గుర్తుపట్టేస్తారు. నీకు ఆ అమ్మాయి ఎవరో తెలిస్తే తన స్నేహితురాలి ద్వారా అడిగించు, "నీకేం కావాలి?" అని. కొందరికి కేసు కావాలి, కొందరికి వాడు తన ల్యాబ్ బ్యాచ్‌లో లేకుండా పోతే చాలు. కాలేజీల్లో కూడా కమిటీ ఉండాలి, విద్యార్థులు కూడా అక్కడ ఫిర్యాదు ఇవ్వొచ్చు.

అలా అని బహిరంగంగా చెప్పడమే తప్పని అనుకోకు. 2018లో ఆడవాళ్లు తమకి జరిగిన వేధింపులు బయటికి చెప్పుకున్న మీటూ ఉద్యమం వచ్చినప్పుడు జర్నలిస్టు ప్రియా రమణి అప్పటి కేంద్ర మంత్రి ఎం.జె. అక్బర్ పేరు బయటపెట్టింది. ఆయన పరువునష్టం కేసు వేశాడు. 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు ఆమెని నిర్దోషిగా ప్రకటించింది. ఎన్ని దశాబ్దాల తర్వాతైనా, ఎక్కడైనా తన బాధ చెప్పుకునే హక్కు ఆడదానికి ఉందంది. చెప్పుకునే హక్కు ఆమెది. ఆమె తరఫున ఎప్పుడు, ఎక్కడ చెప్పాలో మనం నిర్ణయించకూడదు.

గుణదల సుబ్బారావు
అన్నిటికీ పోలీసు స్టేషనే మార్గం. ఈ కమిటీలన్నీ కంపెనీని కాపాడుకోవడానికే.

లక్ష్మీపురం హెచ్ఆర్
కొన్ని చోట్ల అదే నిజం సుబ్బారావుగారూ, కాదనను. అయితే రెండూ ఒకేసారి నడపొచ్చు. చెయ్యి వెయ్యడం న్యాయ సంహిత 75వ సెక్షను కిందికి వస్తుంది, మూడేళ్ల దాకా శిక్ష. వెంటపడటం 78. స్టేషనుకి వెళ్లాలా, కమిటీయా, రెండూనా అన్నది అమ్మాయే చెప్పాలి, మనం తోడు వెళ్లాలి.

పాత రిపోర్టర్
స్టేషన్ గుమ్మం కూడా అంత తేలిక కాదు. 2022 ఏప్రిల్‌లో బెజవాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక ఎదుగుదల లేని అమ్మాయి మీద సామూహిక అత్యాచారం జరిగింది. అంతకుముందే పిల్ల కనపడటం లేదని తల్లిదండ్రులు పోలీసుల దగ్గరికి వెళ్లారు. వెంటనే కదల్లేదని తర్వాత సీఐని, ఎస్సైని సస్పెండ్ చేశారు. ఆ కొద్ది గంటల విలువ ఆ తల్లికే తెలుసు. కాబట్టి వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లొద్దు. ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాలి, "మా పరిధి కాదు" అనకూడదు. ఆడపిల్ల మాటని మహిళా అధికారి రాసుకోవాలి. లైంగిక నేరాల సమాచారం వచ్చినా ఎఫ్ఐఆర్ రాయని అధికారికి న్యాయ సంహిత 199 కింద జైలుంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

పటమట పిన్ని
అందరికీ దండాలు. జరిగింది చెబుతాను. వకీలుగారు చెప్పినట్టు రెండో ఉత్తరం ఇచ్చాం. బయటి సభ్యురాలు వచ్చారు, ఏలూరు నుంచి, లా కాలేజీలో పాఠాలు చెబుతారట. పిల్లని విడిగా కూర్చోపెట్టి "ముందు కాఫీ తాగమ్మా, తొందరేం లేదు" అన్నారట. పిల్ల ఇంటికొచ్చి మొదట చెప్పింది ఆ మాటే. మెసేజీలు మొత్తం చూశారు. స్టోర్ రూము నడవాలో కెమెరా ఉంది, ఫుటేజీ అడిగితే పాతది చెరిగిపోయిందన్నారు.

ఒక తోటి ఉద్యోగిని చూసింది, కానీ చెప్పడానికి భయపడుతోంది. ఏం చెయ్యమంటారు? మేనేజరు ఇంకా అదే ఫ్లోర్లో ఉన్నాడు. ఈ నెల అప్రైజలు కూడా అతనే రాస్తాడట.

లక్ష్మీపురం హెచ్ఆర్
అప్రైజలు అతని చేత రాయించకూడదు. 2013 చట్టం 12వ సెక్షను కింద పిల్ల రాతపూర్వకంగా అడగాలి: విచారణ ముగిసేదాకా అతణ్ణి వేరే చోటికి మార్చమని, తన పనితీరు మీద రిపోర్టు ఇంకొకరి చేత రాయించమని. కావాలంటే మూడు నెలల దాకా అదనపు సెలవు కూడా ఉంది. తననే మార్చేస్తామంటే, అది తను కోరుకుంటేనే ఒప్పుకోమనండి.

మెసేజీల ఫోను మార్చొద్దు, అమ్మొద్దు, చాట్ చెరపొద్దు. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, పోలీసు కేసైతే అసలు ఫోనే అడుగుతారు. కెమెరా సంగతి ఇక్కడ చదివేవాళ్లందరూ గుర్తుపెట్టుకోండి. చాలా సిస్టమ్స్‌లో కొన్నాళ్లకి పాతదాని మీద కొత్తది రికార్డయిపోతుంది. ఫిర్యాదు ఇచ్చే రోజునే "ఫలానా తేదీ ఫుటేజీ భద్రపరచండి" అని అదే కాయితంలో రాయాలి.

ఆటోనగర్ అన్న
తోటి ఉద్యోగినిని బలవంతపెట్టకండమ్మా. ఆ అమ్మాయికీ ఇల్లూ వాకిలీ ఉంటాయి. బయటి సభ్యురాలు విడిగా పిలిచి అడిగితే చెబుతుందేమో చూడండి. నేను చెప్పినప్పుడు నా పక్కన ఇంకొక్కడు నిలబడి ఉంటే నాకూ సగం భయం తగ్గేది. రేపు ఆ అమ్మాయి చెబితే, మీ పిల్లతో పాటు ఆ అమ్మాయిని కూడా మీరందరూ కాసుకోవాలి.

గవర్నర్‌పేట మాస్టారు
పిన్నిగారూ, మీ బావగారితో నన్ను మాట్లాడనిస్తారా? నాకూ ముగ్గురు ఆడపిల్లలు. "పెళ్లి కావాల్సిన పిల్ల" అన్న భయం నాకు తెలుసు, దాన్ని తక్కువ చెయ్యను. ఈ సంగతి విని వెనక్కిపోయే సంబంధం మంచి సంబంధం ఎలా అవుతుందని మాత్రం ఆయన్ని అడగాలనుంది. పిల్ల చెప్పింది తండ్రి నమ్మాడన్న మాట ఊళ్లో వినపడితే, సగం నోళ్లు వాటంతటవే మూతబడతాయి.

పటమట పిన్ని
నంబరు మెసేజీలో పంపుతాను మాస్టారూ. ఆయన పెద్దవాళ్ల మాట వింటారు.

సింగ్‌నగర్ శీను
అక్కా, మీ పిల్లకి స్టేషనుకో కలెక్టరేటుకో వెళ్లాల్సి వస్తే నాకు కారుంది. ఏ టైమైనా ఫర్వాలేదు, మా ఆవిడ కూడా తోడు వస్తుంది.

నల్లపాడు అమ్మాయి
వకీలు మేడం, స్థానిక కమిటీ గురించి రాస్తానన్నారు. మా అమ్మ అడుగుతోంది. ఆ మేస్త్రి వెళ్లిన కొత్త స్టోరేజీలో ఒక ఆడమనిషి మాట్లాడటానికి ఒప్పుకుందట. ఆవిడకి చదువు రాదు, సంతకం మాత్రం పెడుతుంది. జరిగి నెల దాటింది. ఇంకా టైముందా?

బందరు రోడ్డు వకీలు
ఉందమ్మా. జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగించే అధికారం కమిటీకి ఉంది. రాయడం రాకపోతే రాయడానికి సాయం చెయ్యడం కమిటీ బాధ్యత, చట్టంలోనే ఉంది. గుంటూరు కలెక్టరేటులో స్త్రీ శిశు సంక్షేమ శాఖ వాళ్లని అడగండి, స్థానిక కమిటీ అధ్యక్షురాలు ఎవరో చెబుతారు. చెప్పకపోతే అడిగినట్టు రాసి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ప్రతి జిల్లాలో ఈ కమిటీలు ఉండేలా చూడాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలని ఆదేశించింది, ఆ మాట కూడా ఉత్తరంలో రాయండి.

ఉచిత న్యాయ సహాయానికి ఆడవాళ్లకి ఆదాయం లెక్క లేదు, 15100కి చెయ్యండి. అర్ధరాత్రి ఇబ్బందైతే 112, సలహాకి 181.

ఆవిడని మాట్లాడించేటప్పుడు మీ అమ్మగారు పక్కన కూర్చోవాలి. ఏ రోజు, ఏ పూట, ఏ గోడౌన్ వైపు, ఏమన్నాడు, ఎవరెవరున్నారు, ఇవన్నీ ఆవిడ మాటల్లోనే రాయి. నువ్వు బాగుచెయ్యకు. "ఇలా పట్టుకున్నాడు" అంటే అలాగే రాయి. చివర చదివి వినిపించి, సరేనన్నాకే సంతకం పెట్టించు. ఆరు కాపీలు తియ్యి. సోమవారం నాకు గుంటూరు కోర్టులో పనుంది, మధ్యాహ్నానికి ఖాళీ అవుతాను. కాయితం అక్కడికే తెచ్చెయ్యి, ఇద్దరం కలిసి చూసి కలెక్టరేటుకి వెళ్దాం.

నల్లపాడు అమ్మాయి
సరే మేడం. ఆవిడ సోమవారం కూలి పోగొట్టుకోకూడదని మా అమ్మావాళ్లు తలా కొంత వేసుకుంటున్నారు. మధ్యాహ్నం రెండింటికి కోర్టు గేటు దగ్గర ఉంటాం.